వాగ్దానం కార్డు సరే, మరి మనవైపు సంగతి?

డిసెంబర్ 31 రాత్రి మన తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఎక్కడికి వెళ్లినా వరస దాదాపు ఒకటే. పదింటికో పదిన్నరకో పాటలు మొదలవుతాయి, తర్వాత సాక్ష్యాలు, ఏడాదంతా కాపాడినందుకు కృతజ్ఞత కానుకలు, పన్నెండు కొట్టేసరికి అందరూ మోకాళ్ల మీద ఉంటారు. ఆపైన కేకు, హ్యాపీ న్యూ ఇయర్‌లు, చివర్లో అందరూ ఎదురుచూసే ఘట్టం, వాగ్దానం, అంటే కొత్త ఏడాదికి దేవుడిచ్చిన మాటగా అందుకునే బైబిల్ వాక్యం. ట్రేలో బోర్లా పెట్టిన కార్డుల్లోంచి ఒకటి తీసుకుంటాం. మంచి మాట వస్తే మొహం వెలిగిపోతుంది. కాస్త కఠినమైనది వస్తే (అలాంటివి ఎలాగూ అచ్చువేయరు లెండి) పక్కవాళ్ల కార్డులో ఏముందోనని తొంగి చూస్తాం. కొన్ని సంఘాల్లో అందరికీ కలిపి ఒకే వాగ్దానం ఇస్తారు, అది క్యాలెండర్ మీద పాస్టర్ గారి దంపతుల ఫోటో కింద అచ్చయి ఏడాదంతా హాల్లో గోడకు వేలాడుతుంది.

ఈ అలవాటును వెక్కిరించడానికి ఇది రాయడం లేదు. దీని వెనక చాలా పాత చరిత్ర ఉంది. జర్మనీలో హెర్న్‌హూట్ అనే చిన్న ఊళ్లో మొరేవియన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ విశ్వాసులు 1728లోనే రోజుకో వాక్యాన్ని ఇంటింటికీ తీసుకెళ్లి చెప్పడం మొదలుపెట్టారు. 1731 నుంచి ఏడాదికి సరిపడా వాక్యాలను పుస్తకంగా అచ్చువేస్తున్నారు, ఆ పుస్తకం ఇప్పటికీ ఏటా వస్తోంది. వాచ్ నైట్, అంటే ఇలా రాత్రి మేలుకుని ప్రార్థించడం కూడా నిన్నమొన్నటిది కాదు. మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ కాలంలో ఇంగ్లండులో కింగ్స్‌వుడ్ బొగ్గుగని కార్మికులు శనివారం రాత్రిళ్లు తాగుడు దుకాణాల్లో గడిపేవాళ్లు, మారుమనస్సు పొందాక ఆ రాత్రినే ప్రార్థనలో గడపసాగారు. ఈ సంగతిలో నాకు అన్నిటికన్నా నచ్చేది వాళ్లు తెల్లవార్లూ మేలుకోవడం కాదు. తాగుడుకు పోవాల్సిన కూలి డబ్బులు ఆ వారం ఇంటికి చేరి ఉంటాయి కదా, అదీ. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లకు ఆ తేడా ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసి ఉంటుంది.

నా గొడవంతా ఇక్కడే. మన 31 రాత్రిలో దేవుడు మనకు ఏం చేస్తాడో అన్న సంగతి బాగా స్పష్టంగా ఉంటుంది, అచ్చులో కూడా ఉంటుంది. మనం ఏం చేస్తామో మాత్రం ఎక్కడా ఉండదు. ఎవరైనా అడిగితే "ఈ సంవత్సరం ప్రార్థనలో ఎక్కువ గడపాలండీ, బైబిల్ మొత్తం చదవాలండీ, దేవునికి దగ్గరవ్వాలండీ" అంటాం. ఎక్కువ అంటే ఎంత, దగ్గరవడం అంటే ఏంటి, డిసెంబర్ వచ్చాక అయ్యామో లేదో ఎలా తెలుస్తుంది, ఇవేవీ మనల్ని ఎవరూ అడగరు, మనమూ అడుక్కోం.

కార్డుల మీద ఎక్కువగా కనపడే వాక్యం యిర్మీయా 29:11. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న మాట కంఠస్థం రాని తెలుగు క్రైస్తవుడు ఉంటాడా? అది నిజంగానే గొప్ప వాగ్దానం. అయితే అది బబులోనుకు చెరపట్టి తీసుకుపోబడిన వాళ్లకు యెరూషలేము నుంచి రాసిన ఉత్తరంలో ఉంది, దానికి సరిగ్గా ఒక వచనం ముందు డెబ్బయి సంవత్సరాలు అని గడువు కూడా ఉంది. అంటే ఆ ఉత్తరం చదివిన పెద్దవాళ్లలో చాలామంది ఆ వాగ్దానం నెరవేరడం చూడకుండానే పోతారన్నమాట. అంతకు ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని చెప్పాడు, జనానికి అదే నచ్చి ఉంటుంది. ఈ రోజుల్లో అయితే హనన్యా మాటే క్యాలెండర్ ఎక్కేది.

సరే, డెబ్బయి ఏళ్లు ఏం చేయాలి మరి? అదీ ఆ ఉత్తరంలోనే ఉంది, 5 నుంచి 7 వరకు చదవండి. ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లల్ని కనండి, మిమ్మల్ని చెరపట్టుకుపోయిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి. 11వ వచనంలో దేవుని వైపు పని ఉంటే 5, 6, 7 వచనాల్లో మన వైపు పని ఉంది. మనం 11ని కత్తిరించి లామినేషన్ చేయించుకున్నాం. మిగతాది అక్కడే వదిలేశాం. అందులోనూ ఆ 7వ వచనం చూడండి, మనకు అన్యాయం చేసినవాళ్ల ఊరు బాగుండాలని ప్రార్థించమంటోంది. ఒక ఏడాదికి లక్ష్యంగా అదొక్కటి పెట్టుకున్నా చాలు, జనవరి రెండో వారానికి చెమటలు పడతాయి.

బైబిల్ ఏడాదిలో పూర్తి చేయాలన్న తీర్మానం సంగతి కాస్త వివరంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే మనలో చాలామందికి ఆత్మీయ లక్ష్యం అంటే ఇదే. లెక్క తేలికే. మొత్తం 1,189 అధ్యాయాలు, రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదికి సరిపోతుంది. ఆదికాండం 50, నిర్గమకాండం 40, రోజుకు మూడు చొప్పున నెల రోజులు. జనవరి 31 ప్రాంతంలో లేవీయకాండం తగులుతుంది. దహనబలులు, క్రొవ్వు, మూత్రపిండాలు, కుష్ఠు పొడలు. చాలామంది బండి అక్కడే ఆగిపోతుంది, ఆగినందుకు ఒక నేరభావం, దాంతో బైబిల్ తెరవాలంటేనే మొహమాటం, మళ్లీ డిసెంబర్‌లో కొత్త తీర్మానం. ఏటా ఇదే జరుగుతుంటే లోపం మన భక్తిలో ఉందని అనుకుంటాం. నేనైతే లక్ష్యం పెట్టుకునే పద్ధతిలోనే ఉందంటాను.

రోజూ చదివే పట్టికల్లో బాగా పేరున్నది స్కాట్లండులోని డండీ ఊళ్లో సంఘ కాపరిగా ఉన్న రాబర్ట్ మరే మెక్‌చేన్ 1842 చివర్లో తన సంఘం కోసం తయారుచేసింది. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు. ఇప్పుడు ఫోన్ యాప్‌లలో కూడా అది దొరుకుతుంది. యాప్‌లో దొరకనిది, పట్టికతోపాటు ఆయన రాసిన హెచ్చరిక. ఇలా చదవడం ఉత్త ఆచారంగా మారొచ్చు, పూర్తి చేశామన్న స్వనీతి రావచ్చు, పేజీలు తిప్పేసే అజాగ్రత్త రావచ్చు, కొందరికి మోయలేని కాడి కావచ్చు అని పట్టిక ఇచ్చిన మనిషే ముందుగా చెప్పాడు. ఆయన ఆ పట్టికతో మొదటి ఏడాది కూడా పూర్తి చేయలేదు. 1843 మార్చి 25న టైఫస్ జ్వరంతో 29 ఏళ్లకే చనిపోయాడు. ఆ జ్వరం తన పేటలో రోగుల ఇళ్లకు తిరుగుతున్నప్పుడు అంటుకున్నది. పట్టిక సగంలో ఆగింది కాబట్టి ఆయన ఏడాది వృథా అయిందని ఎవరైనా అనగలరా?

మళ్లీ లేవీయకాండానికి వద్దాం, ఎందుకంటే మనం వదిలేసి పారిపోయే ఆ పుస్తకంలోనే నేను చెప్పదలచుకున్నది ఉంది. ఆరో అధ్యాయం మొదట్లో, పొరుగువాడిని మోసం చేసినవాడు, తన దగ్గర దాచిపెట్టమని ఇచ్చినదాన్ని కాజేసినవాడు, దొరికిన వస్తువును దొరకలేదని బొంకినవాడు ఏం చేయాలో రాసుంది. అసలుకు అయిదో వంతు కలిపి ఎవరిది వాళ్లకు ఇచ్చేయాలి, అపరాధ పరిహారార్థ బలి తెచ్చే రోజునే ఇచ్చేయాలి. బలి ఉంది కదా అని బాకీ పోదు. యేసు కాలంలో సుంకం వసూలు చేసి ధనవంతుడైన జక్కయ్యకు ఈ ధర్మశాస్త్రం తెలుసు. అయినా అయిదో వంతుతో సరిపెట్టలేదు, సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు అన్నాడు. లూకా 19లో ఆ మాట మళ్లీ చదవండి. "దేవునికి దగ్గరవుతాను" అని అతను అనలేదు. ఎంత, ఎవరికి, ఎలా అని చెప్పాడు. నా ఉద్దేశంలో బైబిల్ మొత్తంలో ఇంత చక్కగా పెట్టుకున్న ఆత్మీయ లక్ష్యం ఇంకోటి లేదు. నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నదని యేసు ప్రభువు అన్నది ఈ లెక్క విన్న తర్వాతే.

అందుకే నా వాదన ఇది. కొత్త ఏడాదికి ఒక క్రైస్తవుడు పెట్టుకునే లక్ష్యం నెరవేరిందో లేదో తనకు కాకుండా ఇంకో మనిషికి తెలియాలి. భార్యకు తెలియాలి, తమ్ముడికి తెలియాలి, ఇంట్లో అంట్లు తోమే అమ్మకు తెలియాలి, ఆఫీసులో మన కింద పనిచేసే కుర్రాడికి తెలియాలి. నేను ఎన్ని అధ్యాయాలు చదివానన్నది నాకూ దేవునికీ తప్ప ఎవరికీ అక్కర్లేదు. చదవాలి, తప్పకుండా చదవాలి, అది లేకుండా మిగతావి నడవవు. కానీ అది దారి మాత్రమే, వెళ్లాల్సిన ఊరు వేరే ఉంది.

ఎంత గొప్పవాళ్లకైనా ఈ ప్రమాదం తప్పదు. అమెరికాలో పేరున్న ప్రసంగీకుడు జోనతన్ ఎడ్వర్డ్స్ 1722, 1723 సంవత్సరాల్లో, ఇరవై ఏళ్లు నిండకముందే, 70 తీర్మానాలు రాసుకున్నాడు. వారానికోసారి వాటిని చదువుకోవాలని కూడా రాసుకున్నాడు. వాటిని చదివితే ఆ వయసులో అంత గంభీరత ఎలా వచ్చిందా అనిపిస్తుంది, సమయం గురించి, నాలుక గురించి, చావు గురించి. ఇదే మనిషి 1731లో వీనస్ అనే పద్నాలుగేళ్ల అమ్మాయిని డబ్బిచ్చి బానిసగా కొన్నాడు. 70 తీర్మానాల్లో ఏ ఒక్కటీ ఆయన చెయ్యి పట్టుకుని ఆపలేదు. కాలం అలాంటిది అంటారు, ఆ కాలంలోనూ ఇది తప్పని అన్న క్రైస్తవులు ఉన్నారు. నాకు కనపడేది ఏంటంటే, ఆ జాబితాను పరీక్షించే అవకాశం ఎడ్వర్డ్స్‌కే ఉంది, వీనస్‌కు లేదు.

జనవరిలో మన సంఘాల్లో ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థనలు పెడతారు. దానియేలు మూడు వారాలు రుచిగల భోజనం మానుకున్నాడు కదా, ఆ లెక్కన. మంచిదే, నేనూ చేస్తాను. కాకపోతే ఆ కూడికల్లో యెషయా 58 ఎవరైనా పూర్తిగా బోధిస్తే వినాలని నా కోరిక. ఉపవాసం ఉన్నాం కదా, నువ్వు చూడలేదేంటి అని జనం దేవుణ్ని అడుగుతారు. ఆయన జవాబు ఎంత సూటిగా ఉంటుందంటే, ఉపవాసం రోజే మీ పనివాళ్లచేత కఠినమైన పని చేయించుకుంటున్నారు అంటాడు. మనం ఉపవాసం ఉన్న రోజు సాయంత్రం విడవడానికి వంట చేసేదెవరు? ఆమె కూడా ఉపవాసమేనా? ఈ ప్రశ్న పురుషుల కూడికలో అడిగితే ఒక్కసారి నవ్వులు, తర్వాత టాపిక్ మారిపోతుంది.

మా నాయనమ్మకు చదువు రాదు. ఆమెకు లక్ష్యం అన్న ఆలోచనే ఉండి ఉండదు. కానీ పూట పూటా బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి పక్కన చిన్న కుండలో వేసేది, వారానికోసారి ఆ బియ్యం మందిరానికి వెళ్లేవి. ఇంట్లో బియ్యం తక్కువున్న రోజున పిడికిలి చిన్నదయ్యేది, అంతేగానీ మానేది కాదు. మిజోరంలో ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910 నుంచి ఇదే పని చేస్తున్నారు, దాన్ని వాళ్లు బుహ్‌ఫాయ్ థామ్ అంటారు. అక్కడ ఇది ఏటా కోట్ల రూపాయల కానుక అవుతుంది. ఇందులో ఉన్న తెలివి గమనించండి. రోజూ ఎలాగూ చేసే పనికి దాన్ని ముడిపెట్టారు, గుర్తుపెట్టుకోవాల్సిన అవసరమే లేదు. మొదటి పిడికెడు కాబట్టి మిగిలితే ఇద్దాంలే అన్న మాటా లేదు. అది ఎవరి కడుపులోకి వెళ్తుందో కూడా తెలుసు. ఏ మేనేజ్‌మెంట్ ట్రైనింగ్‌లో చెప్పే గోల్ సెట్టింగ్ దీనికి సాటి వస్తుంది చెప్పండి.

ఇక కొత్త సంవత్సరం ప్రార్థన అంటే నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఒంగోలు కొండ. 1854 జనవరి 1న ఇంకా తెల్లవారకముందే అమెరికన్ మిషనరీ లైమన్ జ్యూవెట్, ఆయన భార్య, వాళ్లతోపాటు నర్సు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఆ కొండ ఎక్కారు. అంతకు ముందు ఏడాదే అమెరికాలో ఈ తెలుగు మిషన్‌ను ఫలితం లేదని మూసేద్దామా అని చర్చ జరిగింది. అలాంటప్పుడు ఆ ఐదుగురు తమ మిషన్ నిలబడాలని, తమకు మేలు జరగాలని అడిగినా ఎవరూ తప్పుపట్టరు. వాళ్లు మాత్రం కింద కనపడుతున్న ఒంగోలుకు ఒక సేవకుణ్ని పంపమని అడిగారు. ఆ సేవకుడు, జాన్ క్లౌ, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. అంటే పన్నెండేళ్లు. మన క్యాలెండర్లలో అయితే ఈలోపు పన్నెండు వాగ్దానాలు మారిపోయేవి.

క్లౌ గురించి ఒంగోలు వైపు అందరూ చెప్పేది 1878 జూలై 3, గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మాలు. తక్కువగా చెప్పుకునేది దానికి ముందు జరిగినది. 1876లో మొదలైన పెద్ద కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు, ఆ కరువు పనులు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. జనం తిండి కోసం వస్తున్నారేమోనన్న అనుమానం ఉండకూడదని. సంఖ్యే లక్ష్యం అయితే అంతకన్నా అనుకూలమైన సమయం దొరకదు. ఆయనకు ముందు వాళ్లు బతకాలి, తర్వాత సంగతి తర్వాత. ఈ ఏడాది ఎన్ని ఆత్మలు, ఎన్ని కొత్త కుటుంబాలు అని టార్గెట్లు పెట్టుకునే సంఘ కమిటీలు ఆ కాలువ గురించి కూడా కాస్త చదవాలి.

"ఇదంతా క్రియల వల్ల రక్షణ అన్నట్టుంది బ్రదర్" అని ఎవరో ఒకరు అంటారని తెలుసు. ఎఫెసీయులకు 2:8, 9 అందరికీ వచ్చు, కృపచేతనే, క్రియల వలన కాదు. ఆ వెంటనే 10వ వచనంలో మనం నడుచుకోవడానికి దేవుడు ముందుగా సిద్ధపరచిన సత్‌క్రియల సంగతి ఉంది. ఇక్కడా కత్తెర ఒక వచనం ముందే ఆగింది. జక్కయ్య ఇల్లు అమ్మి ప్రభువును భోజనానికి కొనుక్కోలేదు, ప్రభువు తనంతట తానే వస్తానన్నాడు, ఆ సంతోషంలో జేబు తెరుచుకుంది.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బలమైనది. రేపటి సంగతి మనకు తెలియదు, ప్రభువు చిత్తమైతే అనమని యాకోబు పత్రిక చెప్తోంది కదా, మరి ఏడాదికి ప్లాన్లేంటి? నిజమే. మెక్‌చేన్ మార్చిలోనే పోయిన సంగతి పైన చూశాం. అందుకే నేను ఏడాదిని నమ్ముకోను, నెలను నమ్ముకుంటాను. చాలా సంఘాల్లో నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన ఉంటుంది. ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకోవాలని పౌలు చెప్పిన మాట ఆ రోజు ఎలాగూ చదువుతారు. ఏడాదికి పన్నెండు సార్లు మనల్ని మనం చూసుకునే ఏర్పాటు ముందే ఉంది, కొత్తగా డైరీలు, యాప్‌లు అక్కర్లేదు. శనివారం రాత్రి పది నిమిషాలు చాలు. మత్తయి 5లో బలిపీఠం దగ్గర అర్పణ వదిలేసి ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడమన్న మాట ఉంది కదా, ఆ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు, నాతో ఎవరికి పేచీ ఉంది, ఈ నెల దాని విషయంలో నేను ఏం చేశాను. ఫిబ్రవరిలో తప్పిపోతే మార్చి మొదటి ఆదివారం ఉంది. మళ్లీ డిసెంబర్ 31 దాకా ఆగక్కర్లేదు.

వెస్లీ 1755లో మొదలుపెట్టిన నిబంధన ఆరాధన ఒకటి ఉంది, మెథడిస్టుల్లో కొత్త ఏడాది మొదట్లో చేస్తారు, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) ఆరాధన పుస్తకంలోనూ చేరింది. అందులో విశ్వాసి చేసే ప్రార్థన సారాంశం, నన్ను పనిలో పెట్టినా నీ ఇష్టం, పక్కన పెట్టినా నీ ఇష్టం అని. దాన్ని ఒకసారి గట్టిగా చదివి చూడండి, కార్డు తీసుకునేటప్పటి హుషారు రాదు. రెండూ ఒకే రాత్రి పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది నాకు, ముందు ఆ ప్రార్థన, తర్వాత కార్డు.

నా మటుకు నేను ఈ ఏడాదికి మూడే పెట్టుకున్నాను. కొత్త నిబంధన ఒక్కటే చదువుతాను, అది 260 అధ్యాయాలు, వారానికి ఐదు రోజులు రోజుకొకటి చదివితే 52 వారాలకు కచ్చితంగా సరిపోతుంది, రెండు రోజులు వెనకబడినా అందుకోవచ్చు. మా ఇంట్లో పనిచేసే ఆమెకు వారానికో రోజు సెలవు, ఒకటో తారీఖున జీతం, అడగకుండానే. మూడోది మా బాబాయి, ఆస్తి పంపకాల దగ్గర మాటలు ఆగిపోయిన ఇల్లు అది, నెలకోసారి నేనే ఫోన్ చేయాలి, ఆయన ఎత్తినా ఎత్తకపోయినా. ఈ మూడింటి గురించి అడిగే పని మా అక్కకు అప్పగించాను. పాస్టర్ గారికి వందల కుటుంబాలు, ఆయనకు గుర్తుండదు. మా అక్క ఏదీ మరిచిపోదు, మొహమాటమూ లేదు, ఈ పనికి ఆ రెండూ కావాలి. ఆమె అధ్యాయాల గురించి అడగదు. బాబాయి గురించే అడుగుతుంది.

పాస్టర్లకు ఒక మనవి చేసి ముగిస్తాను. వచ్చే 31న వాగ్దానం కార్డులు అచ్చు వేయించేటప్పుడు వెనకవైపు సంఘం అడ్రసు, ఫోన్ నంబర్లు, యూట్యూబ్ ఛానల్ పేరు వేయించకండి, అవి మాకు తెలుసు. ఆ వైపు ఖాళీగా వదిలేసి, కార్డుతోపాటు ఒక పెన్ను ఇవ్వండి, కేకు కోయడానికి ముందు పది నిమిషాలు టైమ్ ఇవ్వండి.